దారం కట్టిన కాయ

మొన్న ఆదివారం పొద్దున మిద్దె మీద చిక్కుడు పాదుకు నీళ్ళు పోస్తుంటే, పక్కింటి చెల్లెలు పిట్టగోడ మీది నుంచి తొంగిచూసి, ఆ ఒక్క కాయకు ఎర్రదారం ఎందుకు కట్టావని అడిగింది. మామూలుగా అయితే అప్పటికప్పుడు ఒక కథ అల్లేసేవాణ్ణి. మా జహీరాబాద్ కాలనీలో ఎవరైనా కోతలు మొదలుపెడితే నా పేరు చెప్పి నోరు మూయిస్తారు, అంతటి ఖ్యాతి నాది. ఆమె కూడా నవ్వడానికి సిద్ధమయ్యే నిలబడింది. "దిష్టికి కట్టినవా అన్నా? ఈసారన్న జర నిజం చెప్పు" అంది. ఆ రోజు మాత్రం కథ అల్లకుండా నీళ్ళ చెంబు కింద పెట్టాను.

ఆ దారం కట్టడం మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది.

జహీరాబాద్ ట్రాక్టర్ల కార్ఖానాలో కొత్తగా పని దొరికిన రోజుల్లో నేను కోహీర్ పక్కనున్న ఊళ్ళో ఆమె ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో పనికి పోయివచ్చేవాణ్ణి. పిల్లలు లేరు, పెదనాన్న పోయి చాలాకాలమైంది, ఆమెకు మిగిలింది ఆ పెరడూ, పెరట్లో చిక్కుడు పందిరీ, నేనూ. ఆ చిక్కుడు కాయ అంచున వంకాయ రంగు గీత ఒకటి ఉండేది, కూర వండితే జొన్నరొట్టె ఒకటి ఎక్కువే దిగేది. కర్ణాటక సరిహద్దు అవతలున్న పుట్టింటి నుంచి పెళ్ళినాడు కొంగున ముడేసుకుని తెచ్చుకున్న విత్తనం అది. ఊళ్ళో అందరూ కొట్టు విత్తనాల పొట్లాలకు అలవాటుపడ్డాక కూడా ఆమె దాన్ని వదల్లేదు.

మొదటి కాపు కూరకు. రెండో కాపులో, తీగ నడుమ కాసిన బలమైన కాయలు చూసి పాత చీర అంచు నుంచి లాగిన ఎర్రదారం కట్టేది, అంతే, ఇంటికి ఎవరొచ్చినా ఆ కాయ జోలికి పోకూడదు. తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి, అప్పుడు వొలిచి, నీడన ఆరబెట్టి, జల్లించిన బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, మూతికి మట్టి మెత్తేది. దారం చూస్తే మేకలు కూడా దండం పెట్టి పక్కకు తప్పుకుంటాయని నేను ఊరంతా చెప్పి వచ్చేవాణ్ణి. ఆమె నవ్వి, "నీ మాటల్ల సగం తీసేస్తెనే బువ్వ అరుగుతది బిడ్డా" అనేది.

ఆ ఏడు ముసురు పట్టి మొదట నాటిన గింజలు కుళ్ళిపోయాయి. మళ్ళీ నాటేసరికి కుండ అడుగంటింది. చలి మొదలయ్యాక ఏడు కాయలకు దారం కట్టింది, వాటిలో ఉన్నదే ఇక విత్తనం. అవి ఎండకముందే ఆమెకు ఆయాసం ముదిరి, జహీరాబాద్ దవాఖానలో పడుకోబెట్టాల్సి వచ్చింది. మంచం మీద కూడా అదే ధ్యాస. "దారం కట్టినవి పైలం. పేనుబంక పడితె తెల్లారంగనె, మంచు ఆరకముందే, బూడిద పల్చటి బట్టల పోసి జల్లు. జరంతనే, ఎక్కువొద్దు" అని నా చేత తిరిగి చెప్పించుకుంది.

చిగుళ్ళకు పేనుబంక పురుగు పడనే పడింది. నాకేమో తెల్లవారుజామున మెలకువ వచ్చేది కాదు. నాలుగు రోజులు రేపు రేపనుకుని, చిగుళ్ళన్నీ నల్లబడ్డాక కంగారుపడి, సెలవునాడు మిట్టమధ్యాహ్నం పొయ్యిలోని కొత్త బూడిద తట్టెడు తెచ్చి గుమ్మరించాను. మంచు లేదు కదా, అంటుకోవడానికి పైన బిందెడు నీళ్ళు కొట్టాను. గుప్పెడు బూడిదతో పోయే పురుగుకు తట్టెడు పోస్తే ఇంకా తొందరగా పోతుందనుకోవడం నా తెలివి. ఆ బూడిదలోని క్షారానికి ఆకులు మాడాయి. వారం తిరగకముందే తీగ మొదలుదాకా ఎండిపోయింది. ఏడు కాయలూ పచ్చిమీదే ముడుచుకుపోయి, ఎర్రదారాలు మాత్రం నిగనిగలాడుతూ వేలాడాయి.

అవి చూసిన సాయంత్రం పని దిగి దవాఖానకు పోతే, చిక్కుడు ఎట్లుందిరా అని అడిగింది. చెప్పలేకపోయాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే కదా. తీగ పందిరి దాటి, ఇల్లు దాటి, హైవే మీది చిరాగ్‌పల్లి కాడ బొంబాయి లారీకి చుట్టుకుందనీ, డ్రైవరు దిగి కొడవలితో కోసుకుంటే గాని బండి కదల్లేదనీ చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వింది. పక్కమంచం ఆమె వైపు తిరిగి, "మా కొడుకు మాటల్ల సగం తీసేసినా, నా ఏడు కాయలకేం ఫికర్ లేదక్కా" అంది.

సగం తీసేసినా! నా మాటల్లో ఆమె నిజమని మిగుల్చుకున్న ఆ సగం కూడా అబద్ధమే. మరో రెండు రోజులకు, ఆ నిశ్చింతతోనే పోయింది.

ఏడు కాయలూ వొలిచాను. లోపల పప్పు లేని, పొరల్లాంటి గింజలు. నానబెట్టి, నాటి, నెలరోజులు ఆ మట్టినే చూశాను. ఒక్కటీ మొలవలేదు. సరిహద్దు దాటి ఆమె పుట్టినూరికి పోయి ఇల్లిల్లూ అడిగాను. అక్కడా గులాబి రంగు మందు పూసిన పొట్లాల గింజలే చూపించారు.

ఇదంతా ఏమీ కలపకుండా పిట్టగోడ మీదుగా చెప్పాను. చెల్లెలు మెల్లగా, "ఇందుల సగం తీసేయొచ్చా అన్నా?" అంది. వద్దమ్మా అన్నాను.

ఇప్పుడు ఎవరికి కావలసిన విత్తనం వారికి బజారులో దొరుకుతుంది, ఒక కాయ ఎండేదాకా ఇంటిల్లిపాదీ చెయ్యి ఆపుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. నా మిద్దె మీదిదీ కొట్టు విత్తనమే. దాని గింజ నాటితే ఏం కాస్తుందో తెలియదు, వంకాయ రంగు గీత మాత్రం రాదని తెలుసు. అయినా ఏటా ఒక కాయకు దారం కడతాను. అప్పుడు తెల్లవారుజామున లేవలేకపోయిన నాకు, ఇప్పుడు ఎవరూ లేపకుండానే, మంచు ఆరకముందే మెలకువ వచ్చేస్తోంది.