తప్పు లేకుండా నింపిన ఫారం

భవాని నింపిన ఫారం తిరిగి రాదని ఖాజాగూడ పాత ఊళ్లో అందరికీ తెలుసు. రేషన్ కార్డులో పిల్ల పేరు చేర్చాలన్నా, పింఛనుకు పెట్టుకోవాలన్నా, నల్లా కనెక్షన్‌కు అర్జీ రాయాలన్నా జనం చెరువు వైపు సందులో ఆమె గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. చదివింది పదో తరగతే. కానీ ఏ ఆఫీసు ఏం వినాలనుకుంటుందో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. ఒక్క గడి ఖాళీ వదలదు. ఒక్క కొట్టివేత ఉండదు. గుండ్రాలు నింపమంటే అంచు దాటకుండా, ముగ్గుకు చుక్కలు పెట్టినంత శ్రద్ధగా నల్లగా నింపుతుంది.

"ఉన్నదున్నట్టు రాస్తే పనులయితయా? వాళ్లకు ఏం కావాల్నో అది రాయాలె," అని నవ్వేది.

ఆ మాట ఇప్పుడు ఎవరైనా గుర్తు చేస్తే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. అన్నింటికంటే ముందు తన మీద తనకే.

ఆమె భర్త ఓంకార్ లిఫ్టు మెకానిక్. మాదాపూర్‌లో పద్దెనిమిది అంతస్తుల ఐటీ బిల్డింగులో ఎనిమిది లిఫ్టులు అతని చేతి కింద నడిచేవి. కింద నిలబడి తాడు చప్పుడు విని పైన ఏ చక్రానికి గ్రీజు తగ్గిందో చెప్పేవాడు. నెలకోసారి ప్రతి లిఫ్టుకూ ఒక సర్వీసు కార్డు నింపాలి. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు, రాతంటే భయం. అందుకని ఆ కార్డు మీద టిక్కులు మాత్రమే పెట్టేవాడు. అతని టిక్కుకు తోక పొడుగు, పక్క గడిలోకి పాకేది. "గా తోకేందయ్యా, కొంచెం కత్తిరించరాదు?" అని భవాని ఎగతాళి చేసేది. "నేను పనిల ఉంటె ఎనిమిది లిఫ్టులు. నేను లేకుంటె గా సాఫ్ట్‌వేరంత గ్రౌండ్ ఫ్లోరే," అని అతను మీసం దువ్వేవాడు.

ఆ మీసం దువ్వడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమె సరిగ్గా చెప్పలేకపోతుంది. ముందు తిండి తగ్గింది. తర్వాత మాట తగ్గింది. కూతురు బుజ్జి బడి సంగతులు చెబుతుంటే తల ఊపేవాడు గానీ ఏ మాటకు ఊపుతున్నాడో అతనికే తెలిసేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం మిద్దె మీది మెషిన్ రూములో మూడు గంటలు ఊరికే కూర్చున్నాడు. ఫోన్ మోగుతోంది, తీయలేదు. కింద లిఫ్టు ఆగిపోయింది, వెళ్లలేదు. లిఫ్టులో పావుగంట ఇరుక్కున్నవాళ్లు వీడియో తీసి మెయిల్ పెట్టారు. మరునాడు కాంట్రాక్టరు మనిషి, సూపర్‌వైజర్ సురేంద్ర, ఫోన్ చేశాడు.

"చెల్లె, మీ ఆయనకు దిమాక్ మంచిగుందని కాగితం తేవాలె. ఫిట్ అని రాసుండాలె. లేకుంటె డ్యూటీ లేదు."

మంచిగుందో లేదో చూపించమనలేదు. మంచిగుందని కాగితం తెమ్మన్నాడు. ఆ రెండింటికీ ఎంత దూరమో ఆ రోజు భవానికి తట్టలేదు. తట్టదు కూడా, కాగితాలు తేవడమే ఆమెకు తెలిసిన విద్య గనక.

మాదాపూర్‌లో అద్దాల మేడలో మూడో అంతస్తు, మానసిక వైద్యశాల. పెద్ద డాక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. నిద్ర పడుతోందా అని అడిగాడు. ఓంకార్ పడుతోందన్నాడు. వ్యక్తిత్వ పరీక్ష అని రాసి బయటికి పంపాడు. బయట కౌంటర్లో గిరీష్ అనే కుర్రాడు ఒక పుస్తకమూ ఒక జవాబు కాగితమూ చేతిలో పెట్టాడు.

"ఐదొందల పైన వాక్యాలున్నాయండి. ఒక్కోదానికి అవునో కాదో గుండ్రం నింపాలి. అంతే, చాలా ఈజీ."

ఓంకార్ మొదటి పేజీ మీద వేలు పెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. గిరీష్ గడియారం చూశాడు.

"సార్ ఇలా చదివితే సాయంత్రమైపోతుంది. అమ్మా, మీకు చదవడం వచ్చుగా? మీరు చదివి చెప్పండి, ఆయన చెప్పింది మీరే నింపేయండి. అందరూ అలాగే చేస్తారు."

భవాని కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ క్షణంలో ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉంది. ఇన్నాళ్లూ ఊరందరికీ నింపింది, ఈవేళ మొగుడికి.

"నాకు ఎవరి మీదా ఎప్పుడూ కోపం రాలేదు."

ఓంకార్ ఆలోచించాడు. "వస్తది గద."

"వస్తదని రాస్తరా ఎవరైనా? నౌకరీ కాగితమిది." అవును అని నింపింది.

"నేను ఒక్కసారి కూడా అబద్ధం ఆడలేదు." అవును. "నా గురించి ఎవరూ చెడుగా అనుకోరు." అవును. "పొద్దున్నే లేవాలంటే భారంగా ఉంటుంది." ఓంకార్ నోరు తెరిచేలోపే కాదు అని నల్లగా చుట్టేసింది. కొంతసేపటికి అతను జవాబు చెప్పడమే మానేసి కిటికీ అద్దంలోంచి ఎదుటి మేడ లిఫ్టు పైకీ కిందకీ తిరగడం చూస్తూ కూర్చున్నాడు. ఆమె చదివింది, ఆమే నింపింది. రెండు గంటల్లో అయిపోయింది. సాయంత్రం ఐదింటికల్లా "డ్యూటీకి ఫిట్" అని ముద్ర పడ్డ కాగితం సురేంద్ర ఫోనుకు చేరింది.

ఆమె నింపిన ఫారం ఎప్పుడూ తిరిగి రాదు.

నెలా పదకొండు రోజులకు ఓంకార్ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

శవం ఇంట్లో ఉండగానే వాకిట్లో ఎవరో అన్నారు, "దవాఖానల అంత మంచిగుందనే చెప్పిన్రు గదా, మరి గిట్లెందుకు జేసిండు?" అని. అత్త భాగ్యమ్మ ఏడుపు ఆపి కోడలి వైపు చూసింది. పదో రోజు దాటాక సురేంద్ర వచ్చాడు. దండ తెచ్చాడు. దండతోపాటు, ఐడీ కార్డు తిరిగి అప్పగించినట్టు సంతకం పెట్టాల్సిన ఒక ఫారం తెచ్చాడు. భవాని దాన్ని నాలుగు ముక్కలు చేసి అతని చెప్పుల మీద పడేసింది. ఆమె జీవితంలో చింపిన మొదటి ఫారం అది.

ఆ తర్వాత ఆమెను ఒక్క వాక్యం పట్టుకుంది.

"ఈ మధ్య బతకాలని అనిపించడం లేదు." ఆ పుస్తకంలో ఉందది. పేజీలో ఎక్కడుందో కూడా గుర్తు, ఎడమ వరసలో, కింది నుంచి మూడోది. దాన్ని కళ్లతో చదవడం గుర్తుంది. గొంతులోంచి మాట రాకపోవడం గుర్తుంది. ఆ తర్వాతది గుర్తులేదు. పైకి చదివిందా? అతను ఏమన్నా అన్నాడా? లేక చదవకుండానే కాదు అని తనే నింపేసిందా? చదివి ఉంటే, అతను తన ముఖం చూసి కాదన్నాడని అనుకోవచ్చు. చదవకుండా నింపి ఉంటే, మొగుడు ఆ మాట చెప్పుకోవడానికి ఉన్న ఒక్క గడిని తనే మూసేసింది. ఏది నిజమో తెలియాలి. ఆ జవాబు కాగితం చూడాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ప్రతి సోమవారం మూడో అంతస్తుకు వెళ్లేది.

"రికార్డులు ఇవ్వడం కుదరదమ్మా. కాన్ఫిడెన్షియల్," అనేవాడు గిరీష్.

"రాసిందే నేను. నాకే కాన్ఫిడెన్షియలా?"

"అలా గట్టిగా మాట్లాడకండి, పేషెంట్లున్నారు."

"మా ఆయన గూడ పేషెంటే ఉండె. ఆయనతోని గట్టిగ గాదు, మెల్లగ గూడ ఎవ్వరు మాట్లాడలే."

దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టింది. వారసురాలి రుజువు జతచేయలేదని తిరిగొచ్చింది. జతచేసి పెట్టింది. కారణం సరిపోదని తిరిగొచ్చింది. కారణం అనే గడిలో "నా మొగుడు చచ్చిపోయిండు" అని రాసి ఉంది. ఏడు నెలల్లో మూడుసార్లు తిప్పి పంపారు. ఊళ్లో ఎవరైనా అర్జీలు పట్టుకొస్తే తలుపు తీయడం మానేసింది. "మీ చేతులిరిగినయా? మీరే రాసుకోండ్రి," అని లోపల్నుంచే అరిచేది.

ఎనిమిదో నెలలో, ఒక సోమవారం, కొత్తగా చేరిన సైకాలజిస్టు రోహిణి గదిలోంచి బయటికొచ్చి ఈ గొడవంతా నిలబడి వింది. తర్వాత, "లోపలికి రండమ్మా," అంది. ఒక ఫైలు వెతికి తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మీకు చూపించొద్దని నాకు చెప్పారు," అంది. కాగితం భవాని వైపు తిప్పింది.

భవాని తన చేతి పనిని తాను గుర్తుపట్టింది. వరసలు వరసలుగా, ముత్యాల్లాంటి నల్ల గుండ్రాలు. అంచు దాటినది ఒక్కటి లేదు. వేలు పెట్టి కిందికి జారుతూ పోయింది. కాగితం మధ్యలో వేలు ఆగిపోయింది.

అక్కడ గుండ్రాలు నిండి లేవు. టిక్కులున్నాయి. పొడుగు తోకల టిక్కులు, పక్క గడిలోకి పాకుతూ, పంతొమ్మిది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వాక్యం దగ్గరే సురేంద్ర ఫోన్ చేశాడు. "కాగితం ఇయ్యాల్నే వస్తదా చెల్లె?" అని. మాట్లాడటానికి వరండాలోకి పోయింది. లోపలికొచ్చేసరికి ఓంకార్ పెన్ను పక్కన పెట్టి, "గీ పేజీ అయింది," అన్నాడు. హమ్మయ్య, ఆ వాక్యం తను చదవక్కర్లేదు అనుకుంది. ఏం పెట్టాడో చూడలేదు. చూడకుండానే పేజీ తిప్పి, జవాబు కాగితంలో పక్క వరస మొదలుపెట్టింది.

"ఇది ఏ వాక్యం మేడమ్?" అంది, మొదటి టిక్కు మీద గోరు పెట్టి.

రోహిణి పుస్తకం తీయనే లేదు. ఆమె ముందే చూసి పెట్టుకుంది. "ఈ మధ్య బతకాలని అనిపించడం లేదు. అవును అని పెట్టారు." వేలు కింది టిక్కు మీదికి జరిపింది. "దాని కింద, నేను లేకపోతే మావాళ్లకు బరువు తగ్గుతుంది. అదీ అవునే."

పది నిమిషాలు పెళ్లాం గదిలో లేకపోతే, ఏడో తరగతి మనిషి కూడబలుక్కుని కూడబలుక్కుని చదివి, పంతొమ్మిది సార్లు నిజం చెప్పాడు.

"మరి ఎవ్వరు సూడలేదా మేడమ్?"

"చూశారు." రోహిణి ఫైల్లో చివరి కాగితం తీసింది. తనకు ముందు అక్కడ పనిచేసి మానేసినావిడ రాసింది. భవాని తెలుగులో చెప్పమంది, రోహిణి ఒక్కో మాటా చెప్పింది. జవాబులు మరీ మంచిగా ఉన్నాయి. మనిషన్నవాడు అంత మంచిగా ఉండడు. నింపిన చెయ్యి మధ్యలో మారింది. పరీక్ష చెల్లదు. రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి మళ్లీ చేయాలి. చావు ఆలోచనల గురించి ఈరోజే ఎదురుగా కూర్చుని నోటితో అడగాలి.

"నాకెప్పుడూ కోపం రాలేదు లాంటివి అందుకే పెడతారమ్మా, అన్నీ అవునంటే అనుమానపడటానికి. ఆ పరీక్ష తన పని తాను చేసింది. నన్ను నమ్మొద్దని అదే చెప్పింది."

"ఎన్నో తారీకు రాసిన్రు ఇది?"

రోహిణి చెప్పింది. "డ్యూటీకి ఫిట్" అని ముద్ర వేసిన తారీకే. పై కాగితంలో, నిండిన గుండ్రాలను తప్ప టిక్కులను చదవని కంప్యూటరు అన్నీ మామూలే అని చూపించింది, పెద్ద డాక్టరు దాని మీద సంతకం పెట్టాడు. కింది కాగితం ఎవరూ తిప్పలేదు. కాంట్రాక్టరు తొందరపడ్డాడు, గిరీష్ తొందరపడ్డాడు, సంతకం తొందరపడ్డది. అంతమంది తొందరలో ఓంకార్‌ను ఒక్క మాట అడగడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. అదే ఇంట్లో అతనికి అన్నం పెట్టిన భవాని కూడా అడగలేదు. అడిగితే అవునంటాడని భయం.

ఆమె ఏడవలేదు. లేచి బయటికొచ్చింది.

బయట బల్ల మీద ఇరవై ఏళ్ల పిల్ల, పక్కన సిమెంటు మరకల చొక్కాతో తండ్రి. మణికొండలో మేస్త్రీ పని చేసే తిమ్మప్ప. కూతురు స్వాతి. గిరీష్ ఆ పిల్ల చేతిలో అదే పుస్తకం పెడుతున్నాడు. "మీరు చదివి నింపేయండమ్మా, అందరూ అలాగే..."

భవాని ఆ పుస్తకాన్ని లాక్కుంది.

"ఏయ్, ఎవరు నువ్వు?" స్వాతి లేచింది. "ఇయ్యి ఇట్లా!"

"నువ్వు సదవకు బిడ్డా. నువ్వు లోపలికి పోవద్దు."

"మా నాయన నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. నీకేం తెలుసు?"

"నేను గూడ గట్లనే అనుకున్న. నా ముంగట ఆయన అన్నీ మంచిగనే చెప్పిండు. నేను లేనప్పుడు నిజం చెప్పిండు. నీ తండ్రికి నువ్వంటె పాణం. గందుకే నీ ముంగట చెప్పడు."

స్వాతి తండ్రి వైపు తిరిగింది. తిమ్మప్ప నేలకేసి చూస్తున్నాడు. అట్లా కాదమ్మా అనలేదు. ఆ అనకపోవడం చూసి పిల్ల నోరు మూసుకుంది.

రోహిణి వచ్చి పుస్తకం తీసుకుంది. "నేను చదువుతానండి, మీ ఇష్టమొచ్చినంత సేపు. ముందు కాసేపు మాట్లాడుకుందాం," అని తిమ్మప్పను లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది. స్వాతి పెన్ను పట్టుకుని బయటే నిలబడిపోయింది.

గిరీష్ ముఖం ఎర్రగా కందిపోయింది. "మీకు కంప్లయింటుంటే పద్ధతి ప్రకారం ఇవ్వాలండి. ఇలా వచ్చి పేషెంట్ల మీద పడకూడదు," అంటూ ఒక ఫారం కౌంటరు మీదికి తోశాడు.

భవాని స్వాతి చేతిలోని పెన్ను తీసుకుంది. ఎవరి మీద ఫిర్యాదు అనే గడిలో ముందు వైద్యశాల పేరు రాసింది. తర్వాత పెద్ద డాక్టరు పేరు, గిరీష్ పేరు. సురేంద్ర పేరుకు గడి సరిపోలేదు, అంచు దాటి రాసింది. అతని పేరు కింద ఇంకో పేరు రాసింది.

గిరీష్ వంగి చూశాడు. "ఇదేంటి, మీ పేరే రాశారు? ఫిర్యాదు ఇచ్చేవాళ్ల పేరు ఇక్కడ కాదమ్మా, కింద."

"కింద గూడ రాస్త. పైన గూడ ఉండాలె."

"ఇలా ఉంటే ఇది తిరిగొస్తుందండి."

"రానియ్," అంది భవాని, పెన్ను ఇంకా గట్టిగా నొక్కుతూ. "మళ్ల రాస్త."