చిట్టి ఆయాసం, నా ముక్కుపొడి

ఎనిమిదేండ్ల నుంచి ఒక మాట మోసుకుంట తిరుగుతున్న. బూరెలు చేస్తుంటే యాదికొస్తది. అందరం కూసుని పకపక నవ్వుతుంటే గప్పుడే యాదికొస్తది. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. నవ్వొస్తే నవ్వుండ్రి. నాకే సగం నవ్వొస్తది.

మాది ఇల్లందు. మా ఆయన బొగ్గుబాయిల పనిచేసేటోడు. బిడ్డ పెండ్లయి పోయినంక ఇల్లు బోసిపోయిందని, ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చుకుంట అంగి లోపల ఒక కుక్కపిల్లను పెట్టుకొని తెచ్చిండు. గుప్పెడంత ఉన్నది. తెల్లదని కడిగినంకనే తెలిసింది. చిట్టి అని పేరు పెట్టినం. ఇగ చూడుండ్రి, ఆయన తింటే దానికో ముద్ద, నేను కూసుంటే నా ఒళ్లె అది. అబ్బా, ఎంత సంబురమో ఇంట్ల!

నాకో అలవాటుండె. ముక్కుపొడి. మా అత్త అదే పనిగ పీల్చేది. ఆమెను చూసి చూసి విసిగిన మా ఆయన, పెండ్లయిన కొత్తల్నే నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకొని ఒట్టు వేయించుకున్నడు, జన్మల ముట్టనని. శానా ఏండ్లు ముట్టలే కూడ. బిడ్డ అత్తగారింటికి పోయినంక, తలనొప్పికని ఒక్క చిటికె పట్టిన. ఒక్క చిటికెతోని ఆగుతదా? డబ్బి కొన్న. బొడ్లె చెక్కుకున్న. ఆయన డ్యూటీకి పోంగనే తీసుడు.

కొన్నాళ్లకు చిట్టికి ఆయాసం మొదలైంది. ఉన్నట్టుండి మెడ చాపి, ముందుకాళ్లు బిగబట్టి, గుర్రుగుర్రుమని ముక్కుతోని గాలి లోపలికి గుంజేది. కండ్లు గుడ్లంతయ్యేటియి. బాయిల దిగి బండల కింద పనిచేసే మనిషి, ఆ గుప్పెడు కుక్క ముందు కూసుని గజగజ వణికేటోడు. "దీని పాణం పోతదా ఏందే?" అని నన్నడిగేటోడు.

ఒకనాడు నేను డబ్బి తెరిచి పెట్టుకుంటే చిట్టి వచ్చి దాంట్ల మూతి పెట్టింది. అప్పటికప్పుడే అదే గుర్రుగుర్రు. నాకు తెలిసింది. ఆ రోజే తెలిసింది. ఏదో ఒక్కసారి అట్లయింది, దానికి దీనికి సంబంధమేందని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్ననో లెక్కలేదు.

పశువుల దవాఖానాకు తీసుకపోయినం. సారు చెవులకు గొట్టం పెట్టుకొని శానాసేపు విన్నడు.

"లోపల మంచిగనే ఉన్నది. ఎందుకొస్తుందో అంతుబడ్తలేదు. ఇంట్ల పొగ, దుమ్ము, ఘాటు ఏమన్న ఉన్నదా?"

నేను నోరు తెరవబోయిన.

"దుమ్మంటే నేనే సార్" అన్నడు మా ఆయన. "బాయిల పనిచేస్త. మా నాయన గూడ బొగ్గు దుమ్ముకే దగ్గి దగ్గి పోయిండు. దీన్ని అంగిల పెట్టుకొని తెచ్చింది నేనే, రోగం పట్టించింది నేనే."

సారు నా దిక్కు తిరిగిండు. "మీరేమన్న చెప్తరా అమ్మా?"

"ఏం లేదు సార్" అన్న.

డబ్బి నా బొడ్లెనే ఉన్నది. ఎందుకన్న ఆ మాట? భయమా? ఆయన కొట్టే మనిషి గాదు, తిట్టే మనిషి గాదు. మహా అయితే రెండు రోజులు మూతి ముడుచుకునేటోడు. తప్పు తన మీద వేసుకోంగనే నాకు లోపల హమ్మయ్య అనిపించింది చూడుండ్రి, దానికే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఆనాటి నుంచి ఆయన డ్యూటీ దిగంగనే నల్లా కాడ కొబ్బరి పీచు పట్టుకునేటోడు. మెడ కందిపోయేదాక రుద్దుడే. చిట్టి తోక ఊపుకుంట ఉరికొస్తే చేతులు వెనక్కి పెట్టుకొని "వద్దమ్మా, దూరం, దూరం" అనేటోడు. పర్ణశాలకు పోతే గోదావరిల గూడ గట్లనే రుద్దుకున్నడు. పక్కన మునిగేటోళ్లు ఇదేం మొక్కుబడి అని అడిగిండ్రు. ఒడ్డు మీద నిలబడ్డ నాకు నవ్వాగలే, కండ్లల్ల నీళ్లూ ఆగలే.

అయినా చిట్టికి తగ్గలే. తగ్గుతదా, నా డబ్బి నా దగ్గర్నే ఉండె. ఆఖరికి ఆయనే దాన్ని కల్లూరుల మా చెల్లె ఇంటికి తోలిండు. వారానికి చెల్లె ఫోన్ చేసింది: "అక్కా, దీనికి రోగమేందే? చేనంత ఉరుకుతుంది, కోళ్లను ఆగం చేస్తుంది!" మా ఆయన ఎగిరి గంతేసిండు. తర్వాత మెల్లగ అన్నడు, "చూసినవా, నా దగ్గర లేకుంటే ఎంత మంచిగున్నదో."

ఆ మాట పడలేకపోయిన. డబ్బిని మోరీల విసిరికొట్టిన. చిట్టిని జల్దీ తెప్పించిన. నా సంగతే చెప్పకుండ, తగ్గింది గదా అని ఆయనను ఒప్పించి తెప్పించిన. ఆయాసం మళ్ల రాలే. ఇప్పుడు దానికి తొమ్మిదో ఏడు, నాకంటె హుషారుగున్నది. అంత తను రుద్ది రుద్ది తానం చేసుడుతోనే తగ్గిందని ఆయన వాడంత చెప్పుకున్నడు. నేను గూడ అవ్ అవ్ అని తలూపిన.

మొన్న బిడ్డ తన పాపను తీసుకొని వచ్చింది. పాప ఇప్పుడిప్పుడే పాకుతుంది. ఆయన రిటైరై ఏడాదాయె, ఒంటి మీద బొగ్గు నలుసు లేదు. అయినా సబ్బుతోని మూడుసార్లు కడుక్కొని, చేతులు నా ముక్కు కాడ పెట్టిండు.

"చూడు, బొగ్గు వాసన పోయిందా? ఎత్తుకోవచ్చునా?"

"నీకు ఎన్నడూ లేదయ్యా" అన్న. "నీ తప్పు ఎన్నడూ లేదు."

ఆయన పడిపడి నవ్విండు. "ఇన్నేండ్లకు మా ముసల్దానికి నా మీద ప్రేమ పుట్టింది!" అని పాపను ఎత్తుకొని గిరగిర తిప్పిండు. చిట్టి మొరుగుకుంట వాళ్ల కాళ్ల చుట్టు గంతులు. ఇల్లంత జాతర. ఇగ మిగిలింది ఎట్ల చెప్పాలె? నోట్లనే ఉండిపోయింది.

మీకు చెప్పిన. ముక్కుపొడి నాది. ఒట్టు తప్పింది నేను. నోరు మూసుకున్నది నేను. పొద్దటి నుంచి రాస్తున్న, చెయ్యి గుంజుతుంది, పాణం మాత్రం హాయిగున్నది. మీరు మాఫీ చెయ్యాలని అడుగుతలేను. పాప నిద్ర లేచినట్టున్నది. మాఫీ చెయ్యాల్సిన మనిషి నల్లా కాడ చేతులు కడుక్కుంటున్నడు.