కొత్త సంఘ కాపరి

కండ్లకోయ దగ్గర వానకు తడిసిన మేకల మంద రోడ్డు దాటుతుంటే, ఆ వాసనకు గౌడవెల్లిలోని మా రేకుల చర్చి గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, పాస్టరు మంచాన పడ్డాక ఆదివారం ప్రార్థన మా అమ్మే నడిపించేది. మిగతా రోజులు మేకలు కాసేది. పాస్టరు స్థానంలో కొత్త సంఘ కాపరిని ఎన్నుకోవడానికి చర్చి పెద్దలు కూర్చున్నప్పుడు, అమ్మ పేరు ఎవరైనా ఎత్తుతారేమోనని ఆడవాళ్లు ఎదురుచూశారు. ఎవరూ ఎత్తలేదు.

"కాపరంటే మా అమ్మనే గదా! గిన్ని మేకల్ని కాస్తది, ఒక్కటి గూడ తప్పిపోలే," అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. "పిల్ల మంచిగ జెప్పింది! మేకలకు నువ్వే పాస్టరువు, వదినె," అన్నాడు ఒక పెద్దాయన. ఆ నవ్వుల మధ్యే తన తమ్ముడి పేరు ఖాయం చేశాడు. నేను వినిపించుకోలేదు. నవ్వారంటే ఒప్పుకున్నారనుకున్నాను.

"ఇగ నువ్వే గదమ్మా?" అని దారిలో అడిగాను.

"జల్దీ నడువు, వానొస్తాంది," అంది అమ్మ.

తర్వాతి ఆదివారం కొత్తాయన ముందు నిలబడి, పాట మొదలుపెట్టమని అందరితో అన్నాడు. ఎప్పుడూ అమ్మ ఎత్తుకుంటేనే అందరూ అందుకునేవారు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని చాపకేసి చూస్తూ కూర్చుంది.

పాట మరిచిపోయిందనుకుని, మొదటి మాట ఆమె చెవిలో చెప్పాను.