ఎక్కే బండిదే దారి

ఆ అడవి దారిలో ముప్పై ఒక్క ఏళ్లు జీపు తోలినవాడు ఆయన. పెద్ద డ్రైవరు ఇల్లెక్కడంటే పసిపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. చదివింది అయిదో తరగతి. అయితేనేం, కొండమీదికి కాలిబాట మొదలయ్యే గేటు దాకా పద్దెనిమిది కిలోమీటర్ల రాళ్లబాటలో ఏ గుంత ఎంత లోతో అప్పజెప్పేవాడు. ఒక్కనాడూ బండి బోల్తా కొట్టలేదు. ఓసారి పురిటి నొప్పులు పడుతున్న గేటు గార్డు భార్యను, బండి తిప్పే చోటు లేక, రెండు కిలోమీటర్లు రివర్సులోనే దించి ఆసుపత్రికి చేర్చాడు. ఆ దారికి కట్టుబాటు పెట్టిందీ ఆయనే. ఇరుకులో రెండు బండ్లు ఎదురుపడితే దిగే బండే వెనక్కి పోవాలి. ఎత్తులో ఆగిన బండి మళ్లీ కదలాలంటే ప్రాణం మీదికొస్తుంది కదా!

ఇంత చేసినవాడికి అరవై నిండగానే జీపుల యజమాని గట్టిగా చెప్పేశాడు. "ఈ నెలలో రెండుసార్లు గేటు మూశాక చేరావు. పొద్దున పదింటికే మూస్తారని తెలీదా? ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ జీపు తాళాలు మీ బామ్మర్దికే."

బావమరిది అదే షెడ్డులో చిన్న జీపు తోలుతాడు. స్టీరింగు పట్టడం నేర్పింది ఈయనే.

మర్నాడు పొద్దున ఏడింటికే కొండెక్కేవాళ్లు నలుగురిని ఎక్కించుకుని బయల్దేరాడు. తొమ్మిదింబావుకల్లా గేటు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. సరిగ్గా అక్కడే బావమరిది జీపు దిగుతూ ఎదురొచ్చింది.

"బావా, నీ వెనకాల ఇరవై అడుగుల్లోనే వెడల్పుంది. కాస్త వెనక్కి తీసుకో. నాకు చోటు దొరకాలంటే అర కిలోమీటరు పైకి పోవాలి."

"ఎక్కే బండి నాది."

"కాదన్నానా? నీకే టైమైపోతోంది."

"నాకు టైము చెప్పేంతవాడివయ్యావురా! క్లచ్చేదో బ్రేకేదో నీకు చూపించిందెవడు?"

"నువ్వే బావా. అందుకే బతిమాలుతున్నా."

ఆ బతిమాలడమే ఆయనకు కారం రాసినట్టయింది. ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకుని, బానెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు.

"పోనీండి పెద్దాయనా, ఇరవై అడుగులేగా," అంది వెనక కూర్చున్న టీచరమ్మ.

"అడుగుల లెక్క కాదమ్మా, మర్యాద లెక్క."

అరగంట గడిచింది. చివరికి బావమరిదే మెడ వెనక్కి తిప్పి, అంగుళం అంగుళంగా పైకి పోయాడు. రెండుసార్లు వెనక చక్రం కింది రాళ్లు లోయలోకి జారాయి. ఈయన మీసం దువ్వుకుంటూ వెనకాలే కదిలాడు.

గేటు చేరేసరికి పదీ అయిదు.

"అయిదు నిమిషాలేగా, తియ్యవయ్యా."

"పైకెక్కినవాళ్లు చీకటి పడేలోగా దిగాలి పెద్దాయనా. రూలంటే రూలే," అన్నాడు కొత్త గార్డు.

ఆయన జీపు కిందికి తిప్పాడు.

మధ్యాహ్నం షెడ్డులో టీచరమ్మ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. యజమాని బావమరిది వైపు తిరిగి, "తప్పెవరిది?" అన్నాడు.

"ఎక్కే బండి బావది. నాదే తప్పు."

ఆ మాట అనకపోయినా బాగుండేది. తిట్టినా ఆయన ఓర్చుకునేవాడు, వెనకేసుకు రావడం ఓర్చుకోలేకపోయాడు. యజమాని చెయ్యి చాపాడు. తాళాలు ఆ చేతిలోంచి బావమరిది చేతిలోకి పోయాయి. బావమరిది తల ఎత్తలేదు.

ఆయనకంటే ముందే కబురు ఇల్లు చేరింది.

"మా తమ్ముడి చేత లోయ అంచున రివర్సు తోలించారట?" అంది భార్య.

"న్యాయం నాది."

"మరి జీపెవరిది?"

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అయిదింటికి ఆయన్ని లేపేది ఆవిడే. అన్నం పెడుతూ, ఎత్తిపొడుపో అలవాటో తెలియని గొంతుతో అడిగింది:

"రేపు ఎన్నింటికి లేపమంటారు?"