గిర్ని ముందు డబ్బాల వరుస

ఎదురుచూడటం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర ఉండలేను. బస్సు రాకపోతే తర్వాతి స్టాపు దాకా నడిచేస్తాను. అలాంటిదాన్ని కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో చేరితే అక్కడ లీన్ పద్ధతి నేర్పారు. వస్తువు మీద పని జరిగేది కాసేపే, అది పని కోసం పడి ఉండేదే ఎక్కువ, ముందు ఆ పడిగాపులు తగ్గించమన్నారు. నా కోసమే కనిపెట్టారనిపించింది. తర్వాత ఆ కంపెనీ వేరే ఊరికి వెళ్లిపోయింది, నా ఉద్యోగం పోయింది. లాల్‌దర్వాజాలో మా నాన్న నడిపే పిండి గిర్నిలో వచ్చి పడ్డాను. ఆయన్ని బాపు అంటాను.

గిర్ని ముందు గోడ పొడవునా జనం గింజలు పోసి వదిలి వెళ్లిన డబ్బాలు. చూస్తేనే నాకు ఊపిరాడేది కాదు. ఉన్నది ఒక్క రాయి. గోధుమలు, జొన్నలు, బియ్యం, శనగపప్పు అన్నీ దాని మీదే. ఒక గింజ నుంచి ఇంకో గింజకు మారాలంటే రాయి దులపాలి, పిండి దిగే గుడ్డగొట్టం ఉతికి ఆరేయాలి. ఆ తంటా ఎందుకని బాపు ఒక్కో రోజు ఒక్కో గింజ పట్టేవాడు. జొన్నల రోజు దాటాక జొన్నలు తెచ్చినావిడ మళ్లీ ఆ రోజు దాకా ఆగాల్సిందే. విసుగొచ్చిన వాళ్లు ప్యాకెట్ పిండి కొనుక్కోవడం మొదలుపెట్టారు.

"బోనాల దాకా చూస్త బిడ్డా. గిరాకీ గిట్లనే ఉంటే మొబైల్ దుకాణం భాయ్‌కి కిరాయికిస్త" అన్నాడు బాపు.

గిర్ని పోతే నేను మళ్లీ ఏ కంపెనీ గేటు ముందో నిలబడాలి.

ఒక్కో గింజకు ఒక్కో గుడ్డగొట్టం కుట్టించాను. రాయి దులిపే బ్రష్షులు మేకులకు వేలాడదీశాను. ఒకదాని రంగు ఇంకోదానికి అంటకుండా ముందు తెల్లగా ఉండే బియ్యం, చివర శనగపప్పు, ఇలా పూటకోసారి అన్నీ తిప్పాను. పొద్దున వచ్చిన డబ్బా మధ్యాహ్నానికి ఇంటికి పోయేది. ఎవరైనా తీసుకుపోవడానికి రాకపోతే నేనే ఫోన్ చేసి పిలిచేదాన్ని. వెళ్లిపోయిన వాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

"ఏందే గీ ఉరుకులాట? పిండేమన్న పారిపోతదా?" అనేవాడు బాపు.

గోడ ఖాళీ అయింది. నేను మురిసిపోతుంటే బాపు ముఖం వాడిపోయింది. మా గల్లీల్లో ఎన్ని డబ్బాలు కనబడితే అంత నడిచే గిర్ని అని లెక్క. ఒకరోజు మొబైల్ దుకాణం భాయ్ గిర్ని కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వచ్చి, "క్యా బాపూ, ఒక్క డబ్బా గూడ లేదు. ధందా ఖతమైందా?" అన్నాడు.

ఆయన వెళ్లగానే నేను మండిపడ్డాను. "డబ్బాలు లేవంటే పని లేదని కాదు బాపూ, పని ఆగుతలేదని!"

"మస్తు చెప్తవు. రేపు భాయ్ తాన కిరాయికి బయానా తీస్కుంట" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎవరివో గోధుమలు పడుతున్నాం. బాపు అలవాటుగా చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి ముఖం చిట్లించాడు. గరుకుగా ఉంది. మోటారు ఆపి, మీది రాయి ఎత్తించి చూశాడు. రాయి మీది గంట్లన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. అలా అయితే మళ్లీ ఉలితో గంట్లు చెక్కించాలి, కక్కు కొట్టించడం అంటారు.

"మొన్ననే గద కొట్టించినం? గప్పుడే ఎట్ల అరిగింది?" అన్నాడు. రాయి మీద అరచేయి ఆనించి అంచు దాకా తడిమాడు. తర్వాత మెల్లగా, "గింత పట్టినమా బిడ్డా?" అని అడిగాడు.

భాయ్ అడ్వాన్సు పైసలతో వస్తే బాపు కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. "గిర్ని ఇయ్యను భాయ్. రాయి అరుగుతున్నది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నిలబడి ఏడ్చే ఓపిక లేక, కక్కు కొట్టే ఆయనకు ఫోన్ చేశాను.

సాయంత్రం బాపు అటక మీది మా పాత డబ్బాలు దించి గోడ పక్కన వరసగా పేర్చాడు. "ఖాళీవి ఎందుకు బాపూ?" అంటే, "చూసెటోళ్లకు గావాలె. నువ్వు ముట్టకు" అన్నాడు.

ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి. ఖాళీవని తెలిసినా అటు వెళ్లినప్పుడల్లా నా చెయ్యి ఊరుకోదు, లోపల గింజలేమైనా ఆగిపోయాయేమోనని ఒక మూతైనా తీసి చూస్తాను.