దాదీ ముద్దు పెట్టుకున్న రేడియేషన్ బిళ్ళ

ఒక ఆదివారం ఉదయం పదింటి నుంచి మర్నాడు పదింటి దాకా, మా దాదీని నా చేతులారా చంపేశాననే నమ్మాను. దాదీ అంటే మా నాన్నను కన్నతల్లి. కత్తితో కాదు, విషంతో కాదు, ఫిజిక్స్‌తో. ఆ ఇరవై నాలుగు గంటల్లో నేను పడ్డ భయాన్ని సీసాల్లోకి ఎక్కిస్తే కృష్ణా జిల్లా మొత్తానికి సరిపోయేది. మీరు నవ్వుకోండి, పరవాలేదు.

నేను చదివింది కంకిపాడు దాటాక పొలాల మధ్య కట్టిన ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో. ఫిజిక్స్ ప్రధానం, పక్కన చరిత్ర, సంగీతం, నాటకం ఏది కావాలంటే అది చదువుకోవచ్చు. మా బంధువులకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. "ఆర్ట్స్ కాలేజీలో ఫిజిక్స్ ఏంటే, చేపల మార్కెట్‌కెళ్ళి మల్లెపూలు కొన్నట్టు," అనేది మా ఖాలా, అంటే పిన్ని. మా నాన్న వన్ టౌన్‌లో వలలు, తాళ్ళు టోకున అమ్ముతారు. ఆయన్ని అబ్బాజాన్ అంటాం. "దానికి ఇష్టమైంది చదవనీయండి," అన్నది ఆయన ఒక్కరే. అందుకే ఆ చదువులో ఏది పగిలినా ఆయన మాటే పగిలినట్టు నాకు బెంగగా ఉండేది.

ఆ శనివారం ల్యాబులో రేడియేషన్ ప్రయోగం. నారింజ రంగు ప్లాస్టిక్ బిళ్ళను రేడియేషన్ కొలిచే కౌంటరు ముందు పెట్టి, దూరం పెంచుకుంటూ పోతూ, నిమిషానికి ఎన్ని టిక్కులు వస్తాయో రాసుకోవాలి. "బిళ్ళను పట్కారుతోనే ముట్టుకోవాలి. అవగానే సీసం డబ్బాలో పెట్టి నాకు ఇవ్వాలి," అని మా సుశీల మేడమ్ నాలుగుసార్లు చెప్పారు. నా ల్యాబ్ పార్ట్‌నర్ శ్రావణి, ఉయ్యూరు దగ్గరి రైతుల అమ్మాయి, అయిదోసారి చెప్పింది. తర్వాతి క్లాసుకు ఆలస్యమవుతోందని ఇద్దరం పరుగెత్తాం. మేడమ్ బల్ల మీద డబ్బా పెట్టిందీ నేనే. అందులో బిళ్ళ ఉందో లేదో చూడనిదీ నేనే.

ఆదివారం ఉదయం టీ పట్టుకుని వరండాలోకి వచ్చాను. దాదీ, పక్కింటి లక్ష్మిగారు క్యారమ్స్ ఆడుతున్నారు. మా బోర్డుకి రెడ్ కాయిన్ పోయి ఏడాదైంది. ఆ రోజు బోర్డు నడిమధ్య నారింజ రంగు కాయిన్ ఒకటి మెరుస్తోంది. టీ కప్పులు అరుగు మీద పెట్టేశాను.

"దాదీ, అదెక్కడిది?"

"నీ తెల్లకోటు జేబులో ఉందే. ఉతకబోతూ మీ అమ్మీ తీసిచ్చింది. రెడ్డుకి సరిగ్గా సరిపోయింది చూడు." అంటూనే దాదీ స్ట్రైకర్ కొట్టింది. బిళ్ళ మూల జేబులో పడింది. తీసి, తనకు అలవాటైన పద్ధతిలో, ముద్దు పెట్టుకుంది.

"ముద్దు పెట్టకు దాదీ."

"గెలిచిన కాయిన్‌కి ముద్దు పెట్టకపోతే బరకత్ ఉండదే, కలిసిరాదు."

"నిన్న సాయంత్రం నుంచి దీంతోనే తొమ్మిది ఆటలు ఆడామమ్మా షాహీన్," అన్నారు లక్ష్మిగారు సంతోషంగా. "ఏడు మీ దాదీవే."

ఏడు ముద్దులు. నేను వెంటనే శ్రావణికి ఫోన్ చేశాను.

"బిళ్ళ డబ్బాలో పెట్టావా?"

"నువ్వు పెట్టలేదా?" అంది శ్రావణి. "ఇప్పుడెక్కడుంది?"

"మా దాదీ దాంతో క్యారమ్స్ ఆడుతోంది."

"షాహీన్, నువ్వు నాకు ఫోన్ చెయ్యలేదు. నేను ఎత్తలేదు," అని పెట్టేసింది.

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. నన్ను కుట్టిన తేలు కంటికి కూడా కనిపించదు, ఇక ఎవరికని చూపించను? చివరికి అబ్బాజాన్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంత ధైర్యం వచ్చేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "దానికి అడ్డం ఏది ఆగుతుంది?" అని అడిగారు.

"సీసం."

"వలలకు కట్టే గుండ్లు సీసమే కదమ్మా."

గోడౌన్ నుంచి పది కిలోల గుండ్లు వచ్చాయి. అందర్నీ వీధిలోకి పంపి, వంటింటి పట్కారుతో బిళ్ళను పట్టుకుని, నాలుగు గిన్నెల క్యారియర్‌లో గుండ్ల మధ్య పాతిపెట్టాను. దాన్ని పెరటి గోడ మూలకు చేర్చి, టేపు పెట్టి దూరం కొలిచాను. దూరం రెట్టింపైతే ప్రమాదం నాలుగో వంతే. అందుకని ఆ పూట అందరికీ భోజనం వీధి గుమ్మంలోనే.

"ఆ క్యారియర్ నా పెళ్ళికి పెట్టింది," అంది అమ్మీ. "మళ్ళీ అందులో అన్నం తినొచ్చా?"

"తినకూడదు."

అమ్మీ ఏడ్చింది. క్యారియర్ కోసమా, అత్తగారి కోసమా అని నన్నడక్కండి. లక్ష్మిగారు మాత్రం పసుపునీళ్ళు పుక్కిలిస్తూ, "ఇది పనిచేస్తుందా అమ్మా?" అని గంటకోసారి వచ్చి కనుక్కున్నారు.

మధ్యాహ్నం దాదీ దగ్గింది. అమ్మీ మిరపకాయల పోపు వేస్తోందని నాకు తెలుసు, అయినా వెళ్ళి దాదీ కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"ఎలా ఉంది దాదీ?"

"ఆకలేస్తోంది."

అదీ ఒక లక్షణమేనేమోనని ఫోన్‌లో వెతికాను. వెతకకుండా ఉండాల్సింది.

అబ్బాజాన్ నా ఎదురుగా కూర్చుని మేడమ్‌కి ఫోన్ చేయించారు. నేను ఏడుస్తూ చెప్పింది ఆవిడ మొత్తం విన్నారు.

"మీది ఏ బ్యాచ్?"

"మూడో బ్యాచ్ మేడమ్."

అటునుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "భయమేం లేదు. మీ దాదీగారికి ఏమీ కాదు. బిళ్ళను రేపు తీసుకురా. రికార్డు కూడా తీసుకురా."

ఆశ వదులుకున్న రోగికి డాక్టర్లు కూడా భయం లేదనే చెబుతారు. పైగా రికార్డెందుకు? పోలీసులకు చూపించడానికే అయ్యుంటుందని తేల్చుకున్నాను.

సోమవారం క్యారియర్ మోసుకుని బస్సెక్కాను. దాన్ని చివరి సీటు కింద పెట్టి, నేను డ్రైవరు వెనక నిలబడ్డాను. పటమటలో ఎక్కిన ఒక పెద్దావిడ సరిగ్గా దాని పైసీట్లోనే కూర్చుంది. "అక్కడ వద్దండీ," అన్నాను. "ఏం, బిరియానీనా?" అంది. కంకిపాడు దాకా ఆవిడ లేవలేదు. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే దారంతా ఆవిడ కోసం కూడా దువా చేశాను.

ల్యాబులో శ్రావణి ముందే నిలబడి ఉంది, ముఖం తెల్లకాగితంలా. మేడమ్ క్యారియర్ విప్పారు. గుండ్లు గదంతా దొర్లాయి. ఆవిడ బిళ్ళను వట్టి చేత్తో తీసి కౌంటరు ముందు పెట్టారు. టిక్. చాలాసేపటికి మరో టిక్. బిళ్ళ తీసేశారు. అవే టిక్కులు, చుట్టుపక్కల ఎప్పుడూ ఉండేవే.

"ఇది ఖాళీ ప్లాస్టిక్," అన్నారు మేడమ్. "అసలు బిళ్ళ నా బీరువాలో భద్రంగా ఉంది. ప్రతి ఏడాదీ ఒక బ్యాచ్‌కి చెప్పకుండా ఖాళీది ఇస్తాను. 'మేడమ్, ఇందులో ఏమీ లేదు' అని ఎవరైనా వచ్చి చెబుతారేమోనని."

దాదీ బతికింది. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ ఆనందం సరిగ్గా అయిదు సెకన్లు ఉంది.

"రికార్డు ఇవ్వు."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇప్పటిదాకా సిగ్గుపడి దాచాను. శనివారం మేమిద్దరం కౌంటరు ముందు కూర్చున్నది పది నిమిషాలు. మిగతా అంకెలన్నీ సీనియర్ల రికార్డు చూసి రాసుకున్నాం, అనుమానం రాకూడదని అక్కడక్కడా కాస్త మార్చి. గ్రాఫు ఎంత అందంగా వచ్చిందంటే, పుస్తకాలవాళ్ళు మమ్మల్ని అడిగి వేసుకోవచ్చు.

మేడమ్ ఆ గ్రాఫును చాలాసేపు చూశారు. "ఉత్త ప్లాస్టిక్ ముక్క నుంచి ఇంత రేడియేషన్ తెప్పించినవాళ్ళు మీరిద్దరే అమ్మా. ఇంతకీ మధ్యలో వదిలేసి ఎక్కడికి పరుగెత్తారు?"

నేను శ్రావణిని చూశాను. శ్రావణి నేలను చూసింది.

"ఎథిక్స్ క్లాసుకి మేడమ్," అంది. "ఆ రోజు పాఠం నిజాయితీ."

నాలుగు శనివారాలు అదే ప్రయోగం మళ్ళీ చేశాం, ప్రతి టిక్కూ లెక్కపెట్టి. అందుకే ఈ వ్యాసం చదివినవారందరి సాక్షిగా, కౌంటరు కొట్టని టిక్కును నా కలం ఇక జన్మలో కొట్టదని ప్రమాణం చేస్తున్నాను. ఆలస్యమైనా సరే, నిజాయితీ మీద పరీక్ష ఉన్నా సరే.