ఫోనుకు పాఠం చెప్పిన సారు

నాకు పుట్టుకతోనే చూపు లేదు. కేతేపల్లి పక్కనున్న మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి నల్లగొండ వచ్చేనాటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. నా చేతికి మాట్లాడే ఫోను కూడా అప్పుడే వచ్చింది. తెర మీద వేలు పెడితే, అక్కడ ఏం రాసి ఉందో ఒక ఆడగొంతు చదివి చెప్తుంది. మా బాపు ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వు తిన్నవా బిడ్డా? గా ఫోన్ల పిల్ల తిన్నదా?" అని అడిగేవాడు. ఛార్జింగ్ పెట్టావా అని దాని అర్థం.

హాస్టల్‌లో నా గదిలో ఉండే మా క్లాసు స్నేహితురాలిది దేవరకొండ. వాళ్ల అబ్బాకు అక్కడ బట్టలు కుట్టే దుకాణం ఉంది. ఆమె గుసగుసలాడినా మెస్సు దాకా వినిపించేది.

మాకు చరిత్ర చెప్పే సారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. నోట్సు చేతితో రాసి, ఫోటోలు తీసి క్లాసు గ్రూపులో పెట్టేవాడు. వాటి మీద వేలు పెట్టగానే నా ఫోను "చిత్రం" అనేది. ఇంకో దాని మీద పెడితే మళ్లీ "చిత్రం". అంతకుమించి ఒక్క మాట లేదు. అందుకని నా స్నేహితురాలే చదివి వినిపించేది. చదివి ఊరుకోదు కదా, మధ్యలో తన వ్యాఖ్యానం.

"గీడ సారు చాయ్ ఒలకబోసుకున్నడు. రాజు సచ్చిపోయిండు. ఎట్ల సచ్చిండో మరక కింద ఉన్నది, నన్నడగకు."

ఇలాగైతే రాజులంతా చాయ్‌లో మునిగి పోయారని పరీక్షలో నా బదులు రాసేవాళ్లతో రాయించాల్సి వస్తుందని, ఒకరోజు సారు దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాను. సారు చిన్నబుచ్చుకున్నాడు.

"నా రాత ముత్యాల లెక్క ఉంటదని అందరంటరు గదమ్మా!"

"ముత్యాలను నా ఫోను చదువది సార్."

సారు వెంటనే డీటీపీ షాపుకు వెళ్లి పాఠమంతా టైపు చేయించి పంపాడు. నేను సంబరంగా తెరిచాను. నా ఫోను ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, కామాలు కలిపి ఊపిరాడకుండా చదవసాగింది. నా స్నేహితురాలు మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"నీ ఫోనుకు జరమొచ్చిందే! దవాఖానకు తీస్కపోదాం పా."

మర్నాడు సారు స్వయంగా ఫోనును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇదేం భాష?"

"మీ పాఠమే సార్."

కంటికి తెలుగులా కనిపించే ఆ పాత ఫాంటు లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలేనని, యూనికోడ్‌లో టైపు చేస్తేనే ఫోను తెలుగు చదవగలదని చెప్పాను. సారు వేళ్లు లావు. ఒక అక్షరం నొక్కితే పక్కనున్న అక్షరాలు కూడా పడేవి. చివరకు నా స్నేహితురాలు ఆయన ఫోనులో మైకు గుర్తు చూపించి, "మీరు మాట్లాడుండ్రి సార్, అదే రాసుకుంటది. జర మెల్లగ" అంది.

అప్పటి నుంచి సారు కాలేజీ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఫోనుకు పాఠం చెప్పేవాడు. క్లాసులో మాకు చెప్పిన దానికన్నా శ్రద్ధగా చెప్తున్నాడని పిల్లలు అసూయపడ్డారు. అలా వచ్చిన మొదటి పాఠం కోటల గురించి. నా ఫోను స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా చదివింది: "కోట కోడలు చాలా బలమైనవి. శత్రువులు ఎంత ప్రయత్నించినా కోడలను పడగొట్టలేకపోయారు."

సారు 'గోడలు' అన్నది ఫోనుకు అలా వినిపించింది. నా స్నేహితురాలు కడుపు పట్టుకుని నవ్వింది. "గసొంటి కోడళ్లుంటె ఇగ సైన్యమెందుకే?"

ఆ తర్వాత సారు ఏ పాఠాన్నైనా ముందు నాకు పంపేవాడు. నేను విని తప్పులు చెప్తే, సరిదిద్ది గ్రూపులో పెట్టేవాడు. బస్సుల్లో వచ్చిపోయే పిల్లలు కూడా కిటికీ పక్కన కూర్చుని ఆ పాఠాలు వినడం మొదలుపెట్టారు. "మీరు కండ్లుండి వింటరేంది?" అని నేను అడిగితే, "బస్సుల చదివితె తల తిరుగుతది" అన్నారు.

ఇక మిగిలింది బొమ్మలు. ప్రతి ఫోటో కింద అందులో ఏముందో రాయమని సారును అడిగాను. మొదటి ఫోటో కింద "కొండ" అని పెట్టాడు.

"ఎట్లాంటి కొండ సార్?"

"కొండ కొండ లెక్కనే ఉంటదమ్మా."

రెండు రోజులు ఆలోచించాడేమో, క్లాసును దేవరకొండ కోటకు తీసుకెళ్లి అక్కడే ఫోటోలు తీసి, అక్కడే రాస్తానన్నాడు. ఎక్కేటప్పుడు నేను నా స్నేహితురాలి భుజం పట్టుకుని నడిచాను. సారు మా వెనక ఆగి ఆగి వచ్చాడు. ఆగినప్పుడల్లా "గాలి మంచిగున్నదిక్కడ" అనేవాడు. క్లాసంతా కలిసి దిగిన ఫోటో కింద ఏం రాశాడో నా ఫోను చదివింది: "ముందు వరుసలో నేను. తెల్ల అంగీ. పొట్ట జర లోపలికి పట్టుకున్న."

"జర కాదు సార్, శానా," అంది నా స్నేహితురాలు.

పైకి వెళ్లాక ఒక ద్వారం దగ్గర ఆగాం. పక్కన రాతిలో ఏదో బొమ్మ చెక్కి ఉంది. దాని ఫోటో తీశాక సారు జేబులు తడుముకున్నాడు. దగ్గరి చూపు అద్దాలు బస్సులోనే మర్చిపోయాడు.

"నువ్వే చూసి చెప్పమ్మా, నేను ఫోనుకు చెప్త," అన్నాడు నాతో. అనేశాక తనే "అయ్యో" అన్నాడు. నేను అప్పటికే చేయి చాచాను. రాయి ఎండకు వెచ్చగా ఉంది. మెల్లగా తడిమాను.

"కుండ సార్. కడుపు గుండ్రంగ ఉన్నది. మెడకు దండ లెక్క గీతలు. మూతి మీద ఆకులు, నడుమ టెంకాయ."

"ఆకులా? నేనిన్నేండ్ల సంది మంటలనుకున్న!"

"చెక్కినోళ్లు ఇనలే సార్, మీరు బతికిపోయిండ్రు," అంది నా స్నేహితురాలు.

సారు పెద్దగా నవ్వాడు. నేను చెప్పింది చెప్పినట్టు ఫోనుకు చెప్పి గ్రూపులో పెట్టాడు. కింద నా పేరు కూడా చేర్చమని నా స్నేహితురాలు పట్టుబట్టింది. సారు చేర్చాడు. ఇంటికెళ్లి దాన్ని బాపుకు వినిపిస్తే, రెండోసారి వినిపించమన్నాడు. ఆ మరుసటేడు చేరిన పిల్లలకు కూడా సారు అదే పాఠం పంపాడు. ఆయన రిటైరయ్యేదాకా ఆ పాఠంలో కుండ మీద ఆకులే ఉన్నాయి, మంటలు కావు.